పొద్దున్నే టిఫిన్ మీటింగులు పెట్టే బిజినెస్ గ్రూపుల్లో డబ్బు కట్టేముందు జాగ్రత్త

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్లకి, ఫ్రీలాన్స్ పని చేసుకునేవాళ్లకి ఒకే రకం పిలుపు తరచుగా వస్తోంది. "వారానికోసారి హోటల్లో పొద్దున్నే మీటింగ్ ఉంటుంది, అందరూ బిజినెస్ ఓనర్లే, ఒకసారి గెస్ట్‌గా వచ్చి చూడండి" అని. ఇలాంటి గ్రూపులన్నీ మోసమని నేను అనను. పద్ధతిగా నడిచేవి ఉన్నాయి, వాటివల్ల నిలదొక్కుకున్నవాళ్లు నాకు తెలుసు. కానీ నేను చేరిన చోట జరిగింది ఇంకొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

నేను ప్యాకింగ్ లేబుళ్లు డిజైన్ చేస్తాను. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు చేసి అమ్మే చిన్న యూనిట్లే నా కస్టమర్లు. ఈ పని ఒకరు చెబితే ఒకరికి వచ్చేది, అందుకే పరిచయాలు పెరుగుతాయంటే ఆశ కలగడం సహజం. పైగా వాళ్లిచ్చిన మాట గట్టిది: "ఒక్కో వృత్తికి ఒక్కటే సీటు. మీరు చేరితే ఇంకో డిజైనర్‌ని రానివ్వం." సభ్యత్వం ఏడాదికి 38,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 6,840, మొత్తం 44,840. టిఫిన్ ఖర్చు వేరే: వారానికి 900 చొప్పున మూడు నెలలది 11,700 ముందే కట్టాలి, రాకపోయినా తిరిగివ్వరు. "ఇంకో డిజైనర్ ఫారం నింపి వెళ్లారు మేడమ్, సాయంత్రంలోగా మీరు కడితే సీటు మీదే" అన్నారు. ఈ తొందర పెట్టడం ఎక్కడ కనిపించినా ఆగండి. నిజంగా సీటు విలువ తెలిసిన గ్రూపు, రెండు మూడు మీటింగులు చూశాకే చేరమంటుంది.

చేరిన కొద్ది వారాలకే "బ్రాండింగ్" పేరుతో ఒకరు, "ప్రింట్ సొల్యూషన్స్" పేరుతో ఇంకొకరు సభ్యులయ్యారు. ఇద్దరూ లేబుళ్లు చేసేవాళ్లే. అడిగితే "కేటగిరీలు వేరు మేడమ్" అన్నారు. డబ్బు కట్టాక వాట్సాప్‌లో పంపిన నిబంధనల్లో, కేటగిరీ విషయంలో కమిటీదే తుది నిర్ణయం అని ఒక వాక్యం ఉంది. కట్టకముందు ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

అసలు బాధ రెఫరల్ స్లిప్పుల దగ్గర, అంటే ఫలానావాళ్లకి మీ పని కావాలట అని ఒక సభ్యుడు ఇంకొకరికి రాసిచ్చే చీటీలు. ప్రతి సభ్యుడూ వారానికి కనీసం ఒక స్లిప్పు ఇవ్వాలి, ఇవ్వకపోతే అందరి ముందూ పేరు చదువుతారు. ఆ మొహమాటానికి జనం ఏది తోస్తే అది రాసిచ్చేస్తారు. నాకొచ్చిన ఒక పసుపు స్లిప్పు ఇప్పటికీ నా దగ్గరుంది. పైన ఒక పేరు, ఫోన్ నంబరు, కింద హాట్, వార్మ్, కోల్డ్ అని మూడు గళ్లు, ఆ కస్టమర్ ఎంత సిద్ధంగా ఉన్నారో చెప్పడానికి. హాట్ దగ్గర పెద్ద టిక్కు. "పచ్చళ్ల వ్యాపారం, లేబుల్ అర్జెంట్" అని రాసి ఉంది. ఫోన్ చేస్తే మూసాపేట నుంచి ఒకావిడ ఎత్తారు. "మా తమ్ముడు ఆ గ్రూపులో ఉన్నాడమ్మా, ఎవరైనా ఫోన్ చేస్తే అవునని చెప్పమన్నాడు. నేను పచ్చళ్లు ఇంట్లోకే పెట్టుకుంటాను, అమ్మను" అన్నారు పాపం, ఉన్నదున్నట్టు. నాకొచ్చిన స్లిప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. కానీ మీటింగులో మాత్రం ఆ స్లిప్పు కూడా లెక్కలోకి వెళ్తుంది, ఆ లెక్కే మైకులో చదివి కొత్త గెస్టులకు వినిపిస్తారు. సభ్యులు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కున్నది కూడా "గ్రూపు తెచ్చిన బిజినెస్" కిందే కలుపుతారు. ఎవరైనా మీకు కోట్లలో అంకె చెబితే, అందులో బయటి కస్టమర్ల నుంచి వచ్చింది ఎంతో విడిగా అడగండి. నేను అడిగినప్పుడు జవాబు రాలేదు.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది బాకీ. గ్రూపులోని ఒక స్వీట్ షాపు ఆయనకు దసరా బాక్సులకు డిజైన్ చేశాను. అడ్వాన్సు మాట ఎత్తితే "మనలో మనకు అడ్వాన్సేంటి మేడమ్" అన్నారు. దసరా పోయింది, దీపావళి పోయింది, డబ్బు రాలేదు. నిర్వాహకులకు చెబితే "అది మీ ఇద్దరి మధ్య విషయం" అన్నారు. స్టేజి మీద కుటుంబం, కుటుంబం అని చెప్పేదీ వీళ్లే. కాబట్టి పరిచయం ఎంతటిదైనా సరే, వర్క్ ఆర్డర్ రాతపూర్వకంగా తీసుకోండి, సగం అడ్వాన్సు తీసుకోండి. పని ఒప్పుకోకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోండి. అది ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, చేసిపెడతామని డబ్బు అడిగేవాళ్ల మాట వినకండి. చిన్న సంస్థల కోసం పెట్టిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటించి చెల్లించకూడదు, ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. చిన్న సంస్థల బాకీల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఈ మాట మర్యాదగా ఒక మెసేజ్‌లో పెట్టాకే స్వీట్ షాపు ఆయన సగం బాకీ తీర్చారు.

ఇక జీఎస్టీ. నాకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ 6,840 ఇన్‌పుట్ క్రెడిట్‌గా రావాలి, అంటే నేను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గాలి. రిటర్న్ వేసేటప్పుడు మా ఆడిటర్ గారు చూస్తే జీఎస్టీఆర్-2బీలో, అంటే మనకు బిల్లు ఇచ్చినవాళ్లు ప్రభుత్వానికి చూపించిన బిల్లుల జాబితాలో, ఆ బిల్లే లేదు. బిల్లు మీది జీఎస్టీ నంబరు 36తో మొదలవుతోంది, అంటే తెలంగాణదే, 15 అక్షరాలూ సరిగ్గా ఉన్నాయి. జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపించింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో పైసా కూడా వసూలు చేయకూడదని చట్టంలోనే ఉంది. పోర్టల్‌లో ఆ వెతుకులాటకు లాగిన్ కూడా అక్కర్లేదు, నంబరు కొడితే సంస్థ పేరు, అది నడుస్తోందా లేదా వచ్చేస్తుంది. అలాగే యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెరమీద కనిపించే పేరు సంస్థదా, ఎవరో ఒక మనిషిదా చూడండి. మాలో చాలామంది కట్టింది ఒక వ్యక్తి ఖాతాకే. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు దగ్గర అభ్యంతరం పెట్టే దారి ఒకటి ఉండేది, యూపీఐలో పంపినది వెనక్కి లాగడం చాలా కష్టం.

రిఫండ్ అడిగితే మొదట "వేరే ఏరియా గ్రూపుకి మారుస్తాం" అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. లీగల్ నోటీసు పంపితే "వ్యాపారం కోసం తీసుకున్న సేవ, మీరు వినియోగదారు కారు" అని జవాబిచ్చారు. ఇది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు, తగ్గకండి. వాణిజ్య అవసరాల కోసం తీసుకున్నవాటిని వినియోగదారుల చట్టం పక్కన పెడుతుంది, నిజమే. కానీ స్వయం ఉపాధితో బతికేవాళ్లను అలా తీసేయకూడదని వాదించే వీలు కూడా 2019 చట్టంలోనే ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. 5 లక్షల లోపు మొత్తానికి ఫీజు లేదు, సమస్య మొదలైన 2 ఏళ్లలోపు వేయాలి. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

కొత్తగా చేరాలనుకునేవాళ్లు ఒక్క పని తప్పకుండా చేయండి. ఇప్పుడున్న సభ్యులతో కాదు, గత ఏడాది మానేసినవాళ్లు ఇద్దరితో మాట్లాడించమని అడగండి. నంబర్లు ఇవ్వడానికి నీళ్లు నమిలితే అక్కడితో వదిలేయండి. సీటు ఒక్కరికే అన్న మాట, ఏయే పనులు ఆ సీటు కిందికి వస్తాయో, ఎప్పుడు మానేస్తే ఎంత తిరిగిస్తారో సంస్థ మెయిల్ ఐడీ నుంచి రాయించుకున్నాకే కట్టండి. పరిచయాలే కావాలంటే ముందు రెడ్‌హిల్స్‌లోని వ్యాపారుల సంఘం ఎఫ్‌టీసీసీఐ, రాయదుర్గంలోని స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్, ఆడవాళ్లయితే మహిళా వ్యాపారుల కోసం ఉన్న వీ-హబ్ పెట్టే కార్యక్రమాలు చూడండి.

నాలాగే ఇలాంటి చోట డబ్బు కట్టినవాళ్లు ఉంటే బిల్లు, యూపీఐ స్క్రీన్‌షాట్, సీటు గురించి వాళ్లు పంపిన మెసేజ్‌లు ఇవాళే ఫోన్‌లోంచి తీసి వేరేచోట దాచుకోండి. నేను ఫిర్యాదు పెట్టాక నన్ను వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశారు.