మండే మే నెలలో కోఠి, చిక్కడపల్లి మధ్య ఐదు రోజులు

కాచిగూడ స్టేషన్‌లో రైలు దిగేసరికి ఇంకా ఏడు కాలేదు. అప్పటికే గాలిలో చల్లదనం లేదు. రోహిణి కార్తె రావడానికి మరో వారం ఉంది కానీ ఎండ మాత్రం ముందే వచ్చేసింది. "కర్నూలు ఎండల్లో పుట్టి పెరిగాం, ఇదేం చేస్తుందిలే" అంది అమ్మ. అమ్మకు 69 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైంది. మాతో మా చిన్ని కూడా ఉంది, ఏడో తరగతిలోకి వెళ్తోంది. మే నెలలో హైదరాబాదు ఏమిటని చుట్టాలంతా అడిగారు. కోఠి దగ్గర సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం ఒక్కసారి చూపించమని అమ్మ ఎన్నేళ్ళుగానో అడుగుతోంది. నాకు లీవు, చిన్నికి సెలవులు కలిసొచ్చింది ఇప్పుడే. పగలంతా పుస్తకాలు, సాయంత్రాలు ఏదో ఒక సభ అనుకుని బయలుదేరాం.

ముందు బస సంగతి చెప్తాను. ఎండాకాలం ట్రిప్పు బాగుండేదీ పాడయ్యేదీ అక్కడే.

మొదటి రోజు స్టేషన్‌కు దగ్గరని ఒక లాడ్జిలో దిగాం. ఫోన్‌లో ఫొటోలు బాగున్నాయి, ఏసీ గది అని రాసి ఉంది. తీరా చూస్తే గది ఆఖరి అంతస్తులో, పైన స్లాబు తప్ప ఏమీ లేదు. ఏసీ రిమోట్ సాయంత్రం ఆరు దాటాకే ఇస్తామన్నారు. బాత్రూంలో కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు వచ్చాయి. రాత్రి పదకొండుకు గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. అమ్మ తడి తువ్వాలు మెడకు చుట్టుకుని తెల్లవార్లూ కూర్చునే ఉంది. పెద్దామెను అలా కూర్చోబెట్టినందుకు నాకు చాలా బాధేసింది. కింది అంతస్తులో గది అడిగితే లేవన్నారు. పొద్దున్నే ఖాళీ చేశాం.

తర్వాత నారాయణగూడ వైపు ఒక గెస్ట్‌హౌస్ దొరికింది. అద్దె రోజుకు ఐదారు వందలు ఎక్కువ. గది మొదటి అంతస్తులో, తూర్పు వైపు, కిటికీ ముందు వేపచెట్టు. ఏసీ మధ్యాహ్నం రెండు గంటలు వేస్తే చాలింది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరిగింది. ఆ ఐదారు వందలు దండగ అని నేను ఒక్క రోజూ అనుకోలేదు. మే నెలలో గది తీసుకునేవాళ్ళు ఏసీ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. గది ఎన్నో అంతస్తు, పైన ఇంకో అంతస్తు ఉందా, కిటికీ పడమటి వైపా, ఫ్యానుకు ఇన్వర్టర్ ఉందా అని ఫోన్‌లోనే అడగండి. చెక్ ఔట్ సంగతి కూడా తేల్చుకోండి. 24 గంటల లెక్క ఉంటే నయం. మిట్ట మధ్యాహ్నం పన్నెండుకు సామాన్లతో పెద్దవాళ్ళను రోడ్డు మీదికి తేవాల్సిన పని ఉండదు.

నారాయణగూడలో దిగడం వల్ల ఇంకో మేలు జరిగింది, మెట్రో. గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్, ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వరుసగా వస్తాయి. పుస్తకాల కోసం వచ్చినవాళ్ళకు కావలసిన చోట్లు సగం ఆ నాలుగు స్టేషన్లలోనే ఉన్నాయి. బండి చల్లగా ఉంటుంది, స్టేషన్‌లో లిఫ్టు ఉంది, అమ్మ మెట్లు ఎక్కాల్సిన పని లేకపోయింది. ఒకసారి యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తే, ఏసీ వేయాలంటే విడిగా డబ్బులివ్వాలన్నాడు డ్రైవర్. దిగిపోయి మెట్రో ఎక్కాం. మెట్రో దగ్గర్నుంచి చివరి కిలోమీటరుకు ఆటో చాలు.

భాషా నిలయానికి రెండో రోజు ఉదయం వెళ్ళాం. 1901 సెప్టెంబరు 1న పెట్టిన గ్రంథాలయం ఇది. రాజ్యంలో వ్యవహారమంతా ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో, తెలుగులో చదువుకోవడానికి ఒక చోటు కావాలని కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు పూనుకున్నారు. మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే. నిజాం రాజ్యంలో తొలి తెలుగు గ్రంథాలయం అదే. చుట్టూ చీరల కొట్లు, బేరాల అరుపులు, ఆటోల హారన్లు. లోపలికి అడుగుపెడితే పాత కాగితం వాసన.

పాత తెలుగు పత్రికల సంపుటాలు చూడాలని అమ్మ అడిగింది. అక్కడున్నాయన ఒక కుర్చీ ఫ్యాను కిందికి జరిపి, "అమ్మా, మీరిక్కడ కూర్చోండి, నేను తెస్తాను" అన్నారు. కాగితం అంచులు ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. అమ్మ ఒక్కో పేజీ రెండు చేతులతో తిప్పింది. ఆమెకు గుర్తొచ్చినవాడు మన కర్నూలు మనిషి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు. లక్ష్మణరావు వాళ్ళు 1906లో ఇదే ఊళ్ళో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. దాని తొలి పుస్తకంగా వచ్చిన లింకన్ జీవిత చరిత్ర రాసింది గాడిచర్లే. ఆ సంగతి చిన్నికి చెప్తూ, "మన ఊరాయన రాసింది ఇక్కడివాళ్ళు అచ్చు వేశారు చూడు" అంది. "అంటే అవ్వా, మన ఊరికీ దీనికీ చుట్టరికం ఉన్నట్టేనా?" అంది చిన్ని. ఉన్నట్టే. రెండు గంటలనుకున్నది మూడున్నర గంటలు ఉన్నాం. మీరు వెళ్తే పనివేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి, తీరిగ్గా ఉండేలా వెళ్ళండి.

ఆ మర్నాడు మూసీకి రెండు ఒడ్లా తిరిగాం. ఇవతల అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అవతల సాలార్‌జంగ్ మ్యూజియం. లైబ్రరీ 1891లో అసఫియా పేరుతో మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది 1936లో. ఎత్తైన పైకప్పు, మందమైన గోడలు. బయట కళ్ళు తెరవలేని ఎండ ఉన్నా లోపలికి వచ్చి పది నిమిషాలు కూర్చుంటే ఒంటికి తెలుస్తుంది, ఇలాంటి భవనాలు ఎందుకు కట్టారో. వేడి బయటి నుంచి లోపలికి రావడానికే పగలంతా పడుతుంది, పైన చేరిన వేడిగాలి మన దాకా దిగదు. తెలుగు, ఉర్దూ పత్రికలు చదువుతున్న ముసలివాళ్ళు ఒక బల్ల చుట్టూ ఉన్నారు. వాళ్ళకు అది రోజూ వచ్చే చోటని చూస్తేనే అర్థమవుతుంది.

సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. మేము పన్నెండు కొట్టేలోపు గడియారం దగ్గరికి చేరాం. గంట గంటకూ చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండుకు అయితే పన్నెండు దెబ్బలు. జనమంతా ఎదురుగా బెంచీల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తారు. చిన్ని ఫోన్ తీయలేదు, అది నాకు బాగా నచ్చింది. ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర మాత్రం అమ్మే ఎక్కువసేపు నిలబడింది. పాలరాతిలో అంత పల్చటి మేలిముసుగు చెక్కిన బెంజోని చెయ్యి ఎలాంటిదో అని అంటూనే ఉంది. అన్ని గదులూ ఒక రోజులో చూడాలనుకోవద్దు. ఎండ వేళ నాలుగైదు గదులు, మధ్యలో కూర్చోవడం, అంతే పెట్టుకోండి.

చిక్కడపల్లి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అక్కడి సిటీ సెంట్రల్ లైబ్రరీ నిండా పోటీ పరీక్షల పిల్లలే. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై అని రకరకాలు. పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు ఉండడంతో ఊళ్ళ నుంచి వచ్చి చిన్న గదుల్లో ఉండే పిల్లలకు పగలంతా ఈ లైబ్రరీయే ఇల్లు. లోపల చోటు దొరకనివాళ్ళు చెట్ల కింద కూడా చదువుతున్నారు. అంత ఎండలో, నీడ జరిగినప్పుడల్లా కుర్చీ జరుపుకుంటూ. కథల పుస్తకం చదువుకుందామని వచ్చిన మాకు అక్కడ కుర్చీ అడగబుద్ధి కాలేదు. వాళ్ళకు ఆ కుర్చీ అవసరం. కానీ సరదాకి చదువుకునే పిల్లకూ ముసలమ్మకూ కూడా ఒక గది ఉండాలని గట్టిగా అనిపించింది. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతోంది. ఆ డబ్బు ఎండాకాలంలో కుర్చీగా, ఫ్యానుగా, కుండలో నీళ్ళుగా కనబడాలి.

నీళ్ళ మాట ఎందుకు అన్నానంటే, ఈ ట్రిప్పులో మేము వెళ్ళిన ఒక చదువుకునే చోట తాగే నీళ్ళు లేవు, ఆడవాళ్ళ టాయిలెట్‌కు తాళం వేసి ఉంది. అమ్మ గంటలోనే లేచేసింది. అంత మంచి పుస్తకాలుండీ మేము అక్కడ ఉండలేకపోయాం. అదే రోజు రోడ్డు పక్కన ఎవరో పుణ్యాత్ములు చలివేంద్రం పెట్టారు. తడిగుడ్డ చుట్టిన కుండలు, స్టీలు గ్లాసులు, ఒక ముసలాయన ముంచి ఇస్తున్నాడు. ఆ నీళ్ళు తాగాకే మాకు ప్రాణం లేచివచ్చింది. అందుకే నేను ఏ చోటునైనా ఇప్పుడు ఇలా కొలుస్తున్నాను: నీడ ఉందా, నీళ్ళున్నాయా, పెద్దవాళ్ళు కూర్చోవడానికి చోటుందా, టాయిలెట్ తెరిచి ఉందా. ఆ తర్వాతే పుస్తకాలెన్ని ఉన్నాయన్నది.

చిక్కడపల్లిలోనే త్యాగరాయ గానసభ. సాయంత్రాల్లో ఏదో ఒక కార్యక్రమం నడుస్తుంటుంది, మేము వెళ్ళినదానికి టికెట్ లేదు. ఆ రోజు పద్య నాటకంలోంచి కృష్ణుడు రాయబారానికి వెళ్ళే ఘట్టం. హార్మోనియం శ్రుతి అందుకోగానే అమ్మ నిటారుగా కూర్చుంది. కృష్ణుడి వేషం కట్టినాయన పద్యం చివర రాగం తీస్తుంటే వెనక వరసల్లోంచి "వన్స్‌మోర్" అని అరిచారు. ఆయన మళ్ళీ పాడాడు, ఇంకా బాగా పాడాడు. చిన్నికి సగం మాటలు అర్థం కాలేదు. ఇంటర్వెల్‌లో అవ్వను అడిగి అర్థం చెప్పించుకుంది. పద్యం పుస్తకంలోది మాత్రమే అనుకునే పిల్లకు అది గొంతులోంచి అలా వస్తుందని తెలియడం కోసమైనా ఈ ప్రయాణం చెయ్యొచ్చు.

రవీంద్ర భారతికి నాలుగో రోజు సాయంత్రం. ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కు మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే అక్కణ్ణుంచి నడకే. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతికి 1961లో కట్టిన హాలు. ఆ రోజు కూచిపూడి. చిన్ని వయసు పిల్లలు పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం చేస్తుంటే చప్పట్లు ఆగలేదు. హాలు బాగా చల్లగా ఉంటుంది, పెద్దవాళ్ళకు పల్చటి శాలువా పట్టుకెళ్ళండి. సురభి నాటకం చూడాలని మాకు ఆశ. 1885లో మా సీమలోనే, కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన నాటకం కదా. మేమున్న రోజుల్లో ప్రదర్శన లేదు. దాని కోసమే మళ్ళీ రావాలని అనుకున్నాం.

బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికకు ఒక సాయంత్రం వెళ్ళాం. 2010 నుంచి నడుస్తోంది. బండరాళ్ళ మధ్య ఆరుబయట జాగా, టీ సమోసా చవక. ఆరున్నర దాటాకే బాగుంటుంది. కుర్రవాళ్ళకు బాగా నచ్చుతుంది. అమ్మకు మాత్రం అంత దూరం రావడమే కష్టమైంది.

ఆదివారం ఆబిడ్స్. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. పదిలోపే చేరాం, ఇంకా కొందరు సంచులు విప్పుతూనే ఉన్నారు. పదకొండున్నర దాటితే నేల మీంచి వచ్చే సెగకు వంగి పుస్తకం చూడలేరు. తెలుగు తక్కువే, ఇంగ్లిషు నవలలు, ఇంజనీరింగ్ పుస్తకాలే ఎక్కువ. ఓపిగ్గా వెతికితే పాత పిల్లల మాసపత్రికలు దొరికాయి. చిన్ని తొమ్మిది సంచికలు ఏరుకుంది. పుస్తకాలు అమ్మే తాత "పాపా, పదోది ఊరికే తీస్కో" అన్నాడు. కొత్త తెలుగు పుస్తకాలు కావాలంటే కాచిగూడలో నవోదయ ఉంది. స్టేషన్‌కు దగ్గర కాబట్టి ఆఖరున పెట్టుకున్నాం, మోసే బరువు తగ్గుతుందని.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గదిలో పెరుగన్నం, దారిలో తాటి ముంజలు, నిమ్మసోడా. అమ్మ సంచిలో ఎప్పుడూ ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఉండేది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగున్నర వరకు, సాలార్‌జంగ్ రోజు తప్ప, ఎక్కడికీ కదల్లేదు. ఆ మూడున్నర గంటలూ వేపచెట్టు కిటికీ పక్కన ముగ్గురం మూడు పుస్తకాలు పట్టుకుని ఉన్నాం. ఇంట్లో మేమలా ఎప్పుడూ కూర్చోలేదు.

తిరుగు రైలు రాత్రిది. ప్లాట్‌ఫారం మీద చిన్ని తొమ్మిది సంచికలూ, తాత ఊరికే ఇచ్చిన పదోదీ ఒళ్ళో పెట్టుకుని ఏది ముందు చదవాలో తేల్చుకోలేక అవ్వ చేతికిచ్చింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని అట్టలన్నీ చూసి, అన్నిటికంటే పాతది తీసి, రైలు వచ్చేదాకా పైకి చదివింది.