జుట్టు మాత్రా, లోషనా, బట్టతలా: ఏది మేలు?

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పెళ్లి సంబంధాలు చూడ్డం మొదలయ్యేసరికి కుర్రోళ్లకి ముందు పట్టుకునే బెంగ నెత్తి మీద జుట్టే. మా పిన్ని కొడుకూ అంతే, పాతపట్నం వెళ్లి జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టెరైడ్ 1 ఎంజీ మాత్రలు తెచ్చుకుని ఐదు నెలలు వేసుకున్నాడు, డాక్టరు చీటీ లేదు ఏం లేదు, స్ట్రిప్ బండి సీటు కింద దాచేవాడు. కోరిక చచ్చిపోయిందని ఆపేశాడు, ఆపి ఎనిమిది నెలలైంది, ఇంకా మామూలవలేదు. "అన్నా, నవ్వొచ్చినా పైపైనే వస్తోంది, లోపల ఏమీ తగలట్లేదు" అన్నాడు. మాత్రవల్లేనని నేను రుజువు చేయలేను గానీ అంతకుముందు వాడు ఇలా లేడు. బరంపురంలో డాక్టరుకి ఒడియాలో చెప్పాల్సొచ్చేసరికి నోరు పెగల్లేదంట, ఇంట్లో తెలుగులోనే చెప్పుకోలేని మాట మరి.

మాత్ర పనిచేస్తుంది, అది నిజమే. టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీ అనే, కుదుళ్లని దెబ్బతీసే హార్మోన్‌గా మార్చే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది కాబట్టి కుదుళ్లు నిలబడతాయి, కాకపోతే ఆ ఎంజైమ్ మెదడులో కూడా ఉంటుంది. ట్రయల్స్‌లో లైంగిక ఇబ్బందులు వచ్చింది మాత్ర వేసుకున్నోళ్లలో 3.8 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నోళ్లలో 2.1 శాతానికి, అంటే ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ ఆపాక కూడా కొందరికి ఉండిపోతున్నాయన్న సంగతి 2012లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్‌లోకి ఎక్కించింది, 2025లో యూరప్ మందుల సంస్థ ఆత్మహత్య ఆలోచనలు కూడా ఈ మాత్రల సైడ్ ఎఫెక్టేనని తేల్చింది. స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడితే ఆ కాగితం మనకెక్కడ కనిపిస్తుంది?

మినాక్సిడిల్ లోషన్ ఈ హార్మోన్ జోలికి పోదు. రోజూ రాయాలి, మొదట్లో జుట్టు ఇంకా రాలి గుండె ఝల్లుమంటుంది, మానేస్తే వచ్చిందీ పోతుంది, చిరాకే, అయినా నా ఓటు దీనికే. కొన్ని సీసాల్లో ఫినాస్టెరైడ్ కూడా కలుపుతున్నారు, లేబుల్ చదివి కొనండి.

ఇంతకుముందు డిప్రెషన్ వచ్చినోళ్లయితే బట్టతలే నయం అంటాను, డాక్టరుకి ఆ సంగతి చెప్పకుండా మాత్ర ముట్టుకోవద్దు. వేసుకుంటుండగా మనసు దిగులైపోతే ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరికెళ్లండి. అర్ధరాత్రి భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు.

తమ్ముణ్ణి సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్తున్నా, వాడి మాటలు వాడి భాషలోనే చెప్పుకుంటాడు, నేను బయట కూర్చుంటా.