సింక్రెటిజంపై ఒక ఆన్‌లైన్ కోర్సు: మొదటి భాగం మేలైనది, రెండో భాగం దిద్దవలసినది

సింక్రెటిజం అనే పారిభాషిక పదం మతచరిత్రలోనూ ఉంది, వ్యాకరణంలోనూ ఉంది. మతచరిత్రలో అది వేర్వేరు విశ్వాసాలు, దేవతలు ఒకటిగా కలిసిపోవడం; వ్యాకరణంలో దాని అర్థం వేరు, అది కింద చెబుతాను. ఈ రెండింటినీ కలిపి బోధించే ఒక వీడియో పాఠాల కోర్సును ఆసాంతం విని ఈ సమీక్ష రాస్తున్నాను.

విశ్వాసాలకు సంబంధించిన భాగాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఈజిప్టును ఏలిన మొదటి టోలెమీ కాలంలో రాజాదరణ పొందిన సెరాపిస్ దేవుడి విగ్రహాన్ని తెరపై నిలిపి, అధ్యాపకురాలు ఒక్కొక్క అంశాన్నే విడదీసి చూపుతారు. గడ్డమున్న ముఖం గ్రీకు దేవతలది, తలమీద ధాన్యం కొలిచే కుంచం, పక్కన మూడు తలల కుక్క. పేరులో మాత్రం ఈజిప్టువారి దేవుళ్లు ఒసైరిస్, ఆపిస్ ఇద్దరూ ఉన్నారు. అక్కడ పాలకులు పూనుకొని చేసిన కలయిక అది. క్యూబాకు బానిసలుగా తరలించిన పశ్చిమాఫ్రికా యొరూబా ప్రజలు తమ ఉరుముల దేవుడు చాంగోను, పిడుగుల నుంచి కాపాడుతుందని కాథలిక్కులు నమ్మే పునీత బార్బరా రూపంలో కొలుచుకోవడం మరో రకం. కలయిక అంతా సామరస్యం కాదని, ఒక్కోసారి నిర్బంధంలో విశ్వాసాన్ని నిలుపుకొనే మార్గమని ఈ పాఠం ఎంతో బాధ్యతగా చెబుతుంది.

భాషా విభాగం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అరువు పదాలనూ రెండు భాషల కలగలుపునూ ఇందులో సింక్రెటిజంగా చూపారు. వ్యాకరణంలో ఆ పేరుతో చెప్పేది, వేర్వేరు వ్యాకరణ విధులకు ఒకే రూపం ఉండడం. దానికి రెండో భాషతో పనిలేదు. సంస్కృతంలో ‘రామాభ్యామ్’ అనే ద్వివచన రూపం తృతీయ, చతుర్థి, పంచమి మూడింటికీ చెల్లుతుంది. ఏ విభక్తో వాక్యాన్ని బట్టి గ్రహించాలి. తెలుగు క్రియను చూసినా చాలు: సీత వచ్చింది, బండి వచ్చింది అంటాం గాని, బహువచనంలో ఆడవాళ్లూ మగవాళ్లూ వచ్చారు, బండ్లు వచ్చాయి అంటాం. ఏకవచనంలో వస్తువులతో కలిసిన స్త్రీవాచకం బహువచనంలో పురుషవాచకంతో కలుస్తోంది. ఇంత దగ్గరి ఉదాహరణ ఒక్కటీ పాఠాల్లో లేకపోవడం విచారకరం. లాటిన్ పంచమి పూర్వపు తృతీయ, సప్తమి విభక్తుల పనులను కూడా తనలో చేర్చుకున్న చరిత్రను ఒక్క స్లైడుతో దాటవేశారు. నిజానికి దేవతల కలయికతో పోల్చి చూపడానికి అదే సరైన చోటు.

రెండు భాగాలనూ విడివిడిగా కొనే వీలుంది కాబట్టి, మతచరిత్రపై ఆసక్తి ఉన్నవారు మొదటిదాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. భాషాశాస్త్ర విద్యార్థులు మాత్రం రెండోదాన్ని సవరించి మళ్లీ రికార్డు చేసేవరకు ఆగడం మంచిది.