హనుమకొండలో ‘ఏడాదిలో ఎంబీఏ’ అంటూ ఫోన్లు వస్తున్నాయా? కట్టే ముందు ఇది చదవండి

ఉద్యోగం చేసుకుంటూనే ఎంబీఏ, క్లాసులు లేవు, ఏడాదిలో సర్టిఫికెట్ అంటూ హనుమకొండ, కరీంనగర్ వైపు కొన్ని కన్సల్టెన్సీలు తెగ ఫోన్లు చేస్తున్నాయి. అలాంటి ఒక చోట నేను 25 వేలు కట్టాను. ఇంతవరకు ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

నేను మెడికల్ రెప్‌ని. వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్ దాకా నా ఏరియా. రాత్రిదాకా డాక్టర్ల క్యాబిన్ల బయట నిలబడే పని మానేసి, హైదరాబాద్‌లో ఏదైనా ఫార్మా కంపెనీ మార్కెటింగ్ టీంలోకి మారాలని నా ఆలోచన. కౌన్సెలర్ అడిగినవి రెండే: డిగ్రీ ఎప్పుడైంది, జీతం ఎంత. ఏ పనికి మారాలనుకుంటున్నారని అడగనే లేదు. జీతం ఎందుకు అడిగాడో తర్వాత తెలిసింది.

“అన్నా, మీరు పుస్తకం ముట్టే పని లేదు. అసైన్‌మెంట్లు మేమే రాయిస్తం. పోయినేడు బ్యాచ్‌ల ఏస్తం, వచ్చేడు సర్టిఫికెట్ చేతికొస్తది. ఆఫర్ ఇయ్యాల్టితోనే లాస్ట్.”

మోసమంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. డిస్టెన్స్ ఎంబీఏ అంటే రెండేళ్లు. ఏడాదిలో ఇస్తామంటే పాత తేదీతో అడ్మిషన్ చూపిస్తారన్నమాట. 2024–25 నుంచి డిస్టెన్స్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరేవాళ్లకి డెబ్ ఐడీ (విద్యార్థి గుర్తింపు నంబరు) తప్పనిసరి. ముందు ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ తీసుకుని, దాంతో యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీకి చెందిన డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (డెబ్) పోర్టల్‌లో మనమే డెబ్ ఐడీ తీసుకోవాలి. దాని గురించి అడిగితే “అది మీకెందుకన్నా, మేం చూసుకుంటం” అన్నారు. పోయినేడు బ్యాచ్‌కి ఈ ఏడు ఐడీ ఎక్కడి నుంచి తెస్తారు? పైగా ఈ కోర్సులను ఫ్రాంచైజీకి ఇవ్వడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. ‘పది రోజుల ఎంబీఏ’ లాంటి పేర్లతో వచ్చే కోర్సులను నమ్మొద్దని 2024లో యూజీసీయే నోటీసు ఇచ్చింది. ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో అదే పోర్టల్‌లో కనిపిస్తుంది. ఐదు నిమిషాల పని.

రశీదు నా దగ్గరే ఉంది. పైన కన్సల్టెన్సీ పేరు, కింద ఊదారంగు స్టాంపు, మధ్యలో పెన్నుతో ‘సర్వీస్ చార్జీ’ అని. యూనివర్సిటీ పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు డబ్బు అడిగితే, సర్వీస్ చార్జీ వాపసు ఉండదని ఆ మాటే చూపిస్తున్నారు. అదే యూనివర్సిటీ ఖాతాకి కట్టి ఉంటే యూజీసీ రిఫండ్ నియమాలు వర్తించేవి: అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే, గరిష్ఠంగా 5 వేలు పట్టుకుని మిగతాదంతా ఇచ్చేయాలి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం లోన్. కౌన్సెలర్ జీతం అడిగింది అందుకే. మిగతా ఫీజు ‘వాయిదాల్లో’ కట్టుకోవచ్చని ఆధార్, పాన్, సెల్ఫీ తీసుకున్నారు. తర్వాత ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పమన్నారు. మెసేజ్ పూర్తిగా చదివితే, అది ఒక ఫైనాన్స్ కంపెనీ లోన్ అగ్రిమెంట్ మీద సంతకానికి వచ్చిన ఓటీపీ! చెప్పి ఉంటే లోన్ డబ్బు వాళ్ల ఖాతాలో పడేది, ఈఎంఐ నా జీతంలోంచి పోయేది. సీటు ఉన్నా లేకున్నా ఈఎంఐ ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఇప్పటికే ఓటీపీ చెప్పేసినవాళ్లు ఆ ఫైనాన్స్ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. డిజిటల్ లోన్లకి పెనాల్టీ లేకుండా వెనక్కి తగ్గే గడువు ఉండాలని ఆర్‌బీఐ నియమం, కానీ అది చాలా తక్కువ రోజులే.

వెరిఫికేషన్ అని ఒరిజినల్ డిగ్రీ కూడా పెట్టుకున్నారు. ఒరిజినల్స్ ఉంచుకునే హక్కు కాలేజీలకే లేదు, ఇక వీళ్లకెక్కడిది? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాకే అది చేతికొచ్చింది.

ఇంతా అయ్యాక కొందరు ప్రొడక్ట్ మేనేజర్లను కనుక్కున్నాను. ఉన్న లైన్‌లోనే ప్రమోషన్ కావాలంటే ఇగ్నో లాంటి చోట డిస్టెన్స్ ఎంబీఏ సరిపోతుంది. లైనే మారాలంటే మాత్రం ఇంటర్న్‌షిప్, క్యాంపస్ ఇంటర్వ్యూలు కావాలి, అవి రెగ్యులర్‌లోనే దొరుకుతాయి. దానికి టీజీ ఐసెట్ (తెలంగాణ ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసి కాకతీయ యూనివర్సిటీలోనో మరో చోటో చేరొచ్చు, క్యాట్ స్కోరుతో వరంగల్ ఎన్‌ఐటీకీ ప్రయత్నించొచ్చు. రెండేళ్ల జీతం పోతుంది, దాన్నీ ఫీజు కిందే లెక్కేయండి. ఇంటి లోన్ నడుస్తున్నవాళ్లు అది తగ్గేదాకా ఆగడమే మేలని నాకనిపిస్తుంది. ఈలోపు మీ కంపెనీలోనే మీరు మారాలనుకున్న టీంలో ఏదైనా చిన్న పని అడిగి చూడండి, నేను అదే చేస్తున్నాను.

ఇప్పటికే ఇలాంటి చోట కట్టినవాళ్లు రశీదు, వాట్సాప్ చాట్, కాల్ రికార్డింగ్ ఏదీ డిలీట్ చేయకండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. నేను కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను.