డెబ్బై కిలోలు ఆపుతుందన్న పలక నాలుగో నెలలో ఊడిపడింది: అక్వేరియం స్టాండు చేయించుకునేవారు జాగ్రత్త

ఇది రాస్తున్న సమయానికి మా హాల్లో సోఫా కింది తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. హైదరాబాదులో మొక్కల అక్వేరియం తొట్లు పెంచే మనలో చాలామంది స్టాండ్లు ఎక్కడ చేయించుకుంటారో వేరే చెప్పనక్కరలేదు. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

మాది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి. స్టాండు లోపల తొట్టి నీటిని గొట్టాలతో లాగి శుభ్రం చేసే డబ్బాల్లాంటి కానిస్టర్ ఫిల్టర్లు రెండు, ఎండాకాలంలో నీటిని చల్లబరిచే చిల్లరు ఒకటి, మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉంటాయి. నీళ్ళతో నిండిన ఒక్కో ఫిల్టరు ఇరవై కిలోలకు తగ్గదు. నడుము నొప్పి వల్ల వంగి వాటిని బయటికి ఎత్తలేకపోతున్నాను కాబట్టి, మొత్తం సామాను సొరుగులా ముందుకు వచ్చే ఒక పలక మీద పెట్టించుకోవాలనుకున్నాను. దుకాణదారు స్వయంగా ఇంటికి వచ్చి, కొలతలు తీసుకుని, నిండుగా ఉన్న ఫిల్టరును తన చేతులతో ఎత్తి చూసి, తన పుస్తకంలో 70 కిలోలు అని రాసుకున్నారు. నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, 100 కిలోలు మోసే ఛానెళ్ళు (పలక ముందుకూ వెనక్కూ జరిగే లోహపు పట్టాలు) వేస్తానన్నారు. ఆ మాట నమ్మి పద్దెనిమిది వేలు ఇచ్చాను.

గత శనివారం ఫిల్టరు కడుగుదామని పలకను చివరిదాకా లాగాను. కుడివైపు ఛానెల్ మెలితిరిగి, లోపలి గోళీలు నేల మీద రాలిపోయాయి. వెంటనే వెనకవైపు స్క్రూలు చెక్క పొడితో సహా పైకి లేచి, పలక మొత్తం ముందుకు వాలిపోయింది. ఒక ఫిల్టరు గొట్టం ఊడి, తొట్టిలోని నీరు సైఫన్ పద్ధతిలో ఆగకుండా కిందికి పారింది. మా తొట్టిలో ఒక అంగుళం నీరంటే పద్నాలుగు లీటర్లు. నేను తేరుకుని వాల్వు కట్టేసేసరికి పది అంగుళాలు తగ్గింది. నూట నలభై లీటర్లు హాల్లోకి వచ్చాయన్నమాట. కరెంటు లీకయితే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్చి పడిపోయింది కాబట్టి ఆ నీళ్ళలో నిలబడిన నాకు ఏమీ కాలేదు. లాగే ముందు వాల్వులు కట్టకపోవడం నా తప్పే. తొమ్మిదేళ్ళుగా తొట్టి చూసుకుంటున్న మనిషిని ఆ పని మరచిపోవడాన్ని ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను. ఫిల్టరు మూత పగిలింది, చిల్లరు ఫ్యాను తిరగడం లేదు, ముప్పై కార్డినల్ టెట్రా చేపలలో పదకొండు ఈ మూడు రోజుల్లో చనిపోయాయి.

విరిగిన పలకను తిప్పి చూసినప్పుడు అసలు విషయం తెలిసింది. సన్‌మైకా కింద ఉన్నది ప్లైవుడ్ కాదు, చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, అదీ తడికి ఉబ్బిపోయింది. ఛానెళ్ళు వంటింటి సొరుగులకు వేసే మామూలువి, జతకు 45 కిలోలవి. పైగా వాటిని పలకకు రెండు పక్కలా నిలువుగా బిగించకుండా, ఎత్తు కలిసి వస్తుందని పలక కింద పడుకోబెట్టి బిగించారు. ఈ రకం ఛానెల్ నిలువుగా నిలిచి బరువు మోయడానికి తయారైనది. పడుకోబెడితే దాని శక్తి బాగా తగ్గిపోతుంది, కొన్ని రకాలకు నాలుగో వంతుకే పడిపోతుంది. అటువంటి దాని మీద నేను నాలుగు నెలలు అరవై అయిదు కిలోలు ఉంచాను.

సోమవారం ఆ ముక్కలు పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఆయన వాటి వైపు చూడకుండానే, "అంత బరువు పెట్టమని మీకెవరు చెప్పారు మేడం? ఇది చిన్న సామాను పెట్టుకునే సొరుగు" అన్నారు. ఫిల్టరు ఎత్తి చూసింది మీరే కదా, పుస్తకంలో డెబ్బై అని రాసుకున్నది మీరే కదా అని అడిగాను. బల్ల మీదే ఉన్న ఆ పుస్తకాన్ని తీసి సొరుగులో పెట్టి మూసేశారు. అక్కడ ఇద్దరు కొనుగోలుదారులు నిలబడి వింటుండగానే, "ఇవన్నీ మీకు అర్థం కావు. ఇంట్లో మగవాళ్ళుంటే పంపండి, వాళ్ళతో మాట్లాడతాను" అన్నారు. డబ్బు పోయినందుకు కలిగిన బాధ కంటే, నా కళ్ళ ముందే ఆ పుస్తకం మూసిన తీరు, ఆ మాట అన్న తీరు నన్ను ఎక్కువగా కోసేస్తున్నాయి. కొలతలు చెప్పింది నేను, బరువులు చెప్పింది నేను, డబ్బు తీసుకున్నది నా చేతి నుంచే. అప్పుడు మగవాళ్ళు ఆయనకు అవసరం కాలేదు. ఇంటికి వచ్చి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అయితే నా దగ్గర ఉన్న రసీదులో "స్టాండు ఒకటి" అని మాత్రమే ఉంది. అంత డబ్బు ఇస్తూ ఒక్క వాక్యం ఎక్కువ రాయించుకోలేకపోయానని రాత్రంతా నిద్ర పట్టలేదు.

చేయించుకోబోయేవారు చెక్క రకం, మందం, ఛానెల్ మోసే బరువు బిల్లులో రాయించుకోండి. సామాను ఎక్కించే ముందు ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బాలు నాలుగు పలక మీద పెట్టి, చివరిదాకా లాగి, ఒక రాత్రి అలాగే వదిలి చూడండి. ఇప్పటికే ఆయన చేతి స్టాండు ఇంట్లో ఉన్నవారు ఈ రోజే టార్చి పట్టుకుని పలక కిందికి చూడండి. ఛానెళ్ళు పడుకుని కనిపిస్తే దాన్ని లాగకండి. ముందు వాల్వులు కట్టి, గొట్టాలు విప్పి, ఫిల్టర్లను ఒక్కొక్కటిగా ఇద్దరు మనుషులు పట్టుకుని కిందికి దించండి.