సీఆర్-3 ఫ్లైట్ కంప్యూటర్: సీపీఎల్ నావిగేషన్ మొత్తం దీనితోనే చదివాను

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ (సీపీఎల్) కోసం విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో పాస్ మార్కు 70 శాతం. రెగ్యులేషన్స్ చదివి గుర్తుపెట్టుకోవచ్చు. మెటియోరాలజీ అర్థమైతే చాలావరకు నిలుస్తుంది. నావిగేషన్ మాత్రం చేత్తో లెక్క చేస్తేనే వస్తుంది. ఆ పేపర్ మొదలుపెట్టిన రోజు నుంచి లైసెన్స్ వచ్చాక కూడా నేను వాడుతున్నది జెప్పెసన్ వాళ్ల సీఆర్-3. బ్యాటరీ, స్క్రీన్ ఏమీ లేని ఆరు అంగుళాల గుండ్రటి స్లైడ్ రూల్ ఇది, అంటే స్కేళ్లున్న చక్రాలు తిప్పి లెక్కలు చేసే పరికరం. దీనివల్ల నాకు జరిగిన పెద్ద మేలు, జవాబు సుమారుగా ఎంత ఉండాలో ముందే ఊహించడం అలవాటవడం.

ఎందుకంటే దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో ఇది చెప్పదు. స్కేలు మీద 10 అంటే 1 కావచ్చు, 100 కావచ్చు. అది మనమే తేల్చుకోవాలి.

ఉదాహరణకు శంషాబాద్ నుంచి గన్నవరానికి నేరుగా దాదాపు 142 నాటికల్ మైళ్లు, ట్రాక్ (నేల మీద మనం వెళ్లాల్సిన దిశ) సుమారు 107 డిగ్రీలు. మన టీఏఎస్ (ట్రూ ఎయిర్‌స్పీడ్, అంటే గాలిలో విమానం అసలు వేగం) 100 నాట్లు (గంటకు 100 నాటికల్ మైళ్లు), గాలి 060 డిగ్రీల దిశ నుంచి 20 నాట్లు అనుకుందాం. గాలి లెక్కల వైపు తిప్పి ఇవి సెట్ చేస్తే ఎడమ నుంచి క్రాస్‌విండ్ (పక్క గాలి) 15, హెడ్‌విండ్ (ఎదురు గాలి) 14 వస్తాయి. ముక్కు 8 డిగ్రీలు ఎడమకు తిప్పి 099 పట్టాలి. గ్రౌండ్‌స్పీడ్ (నేల మీద లెక్కించే వేగం) 86, ప్రయాణం 99 నిమిషాలు. చక్రం తిప్పడానికి ముందే 'అరవైకి ఒకటి' సూత్రంతో (60 మైళ్లకు ఒక మైలు పక్కకు జరిగితే సుమారు ఒక డిగ్రీ) చూసుకుంటాను: 15ని 60తో గుణించి 100తో భాగిస్తే 9 డిగ్రీలు. దగ్గరగానే ఉంది కాబట్టి ధైర్యంగా ముందుకెళ్తాను.

ఇక్కడ కొత్తవాళ్లు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. దిద్దుబాటు కోణం (గాలి కోసం ముక్కు తిప్పే కోణం) 10 డిగ్రీలు దాటితే టీఏఎస్ నుంచి నేరుగా హెడ్‌విండ్ తీసేయకూడదు, పక్కనే ఉన్న ఎఫెక్టివ్ టీఏఎస్ స్కేలు చూడాలి. ఇదే వేగంలో క్రాస్‌విండ్ 30 నాట్లయితే కోణం 17 దాటుతుంది. అప్పుడు 100 బదులు 95 నుంచి తీసేయాలి. అలాగే ఫోర్‌కాస్ట్‌లో గాలి దిశ ట్రూ నార్త్ (అసలు ఉత్తరం) నుంచి ఇస్తారు, టవర్ చెప్పేది మాగ్నెటిక్ (దిక్సూచి చూపే ఉత్తరం నుంచి). రెండూ కలిపేస్తే ఏ పరికరమూ కాపాడదు.

టీఏఎస్ లెక్కలో సీఆర్-3 నాకు చాలా నచ్చింది. సీఏఎస్ (మీటరు చూపే వేగాన్ని పరికర లోపాలకు సవరించినది), ప్రెషర్ ఆల్టిట్యూడ్ (ప్రామాణిక గాలి ఒత్తిడి ప్రకారం ఎత్తు) ఎదురెదురుగా పెడితే మాక్ నంబర్ (ధ్వని వేగంతో పోల్చిన వేగం) కనిపిస్తుంది. కర్సర్ మీది వంపు గీతను ఉష్ణోగ్రత దగ్గరికి జరిపితే టీఏఎస్ వస్తుంది. ఎక్కువ వేగాల్లో గాలి కుదించుకుపోయే ప్రభావం అందులోనే కలిసి ఉంటుంది. మామూలు ఈ6బీ (ఇలాంటిదే మరో రకం ఫ్లైట్ కంప్యూటర్) అయితే ఆ సవరణ విడిగా చేయాలి.

లోపాలున్నాయి. లాగరిథమిక్ స్కేలు కాబట్టి 10 నుంచి 20 దాకా విశాలంగా ఉండి, 80 దాటాక గీతలు ఇరుకవుతాయి. పరీక్షలో ఇచ్చిన ఆప్షన్లు మరీ దగ్గరగా ఉంటే సైన్, కొసైన్‌తో కాగితం మీద చేయడమే మేలు. ఇంకో ముఖ్యమైన విషయం, గాలి త్రిభుజం (విమానం వేగం, గాలి, నేల మీద వేగం మూడూ గీతలుగా కలిపే బొమ్మ) ఎలా ఏర్పడుతుందో ఇది చూపించదు. కనీసం కొన్ని త్రిభుజాలైనా స్కేలు, ప్రొట్రాక్టర్‌తో గీశాకే దీన్ని చేతిలోకి తీసుకోండి. లేకపోతే చక్రాలు తిప్పడం వస్తుంది కానీ గాలి ఏం చేస్తోందో అర్థం కాదు.

మన్నిక బాగుంది. కర్సర్ మీద గీతలు పడ్డాయి, చక్రాలు కొంచెం వదులయ్యాయి, అంకెలు మాత్రం చెరగలేదు. గాలి చుక్కను (గాలి దిశ, వేగం గుర్తించే చుక్క) మెత్తటి పెన్సిల్‌తోనే పెడతాను. మే నెల ఎండలో కారులో ఎప్పుడూ వదలను, ప్లాస్టిక్ వంగితే స్కేళ్లు కలవవు. సీనియర్ల దగ్గర పాతది కొంటుంటే 10కి ఎదురుగా 10 పెట్టి, 30 దగ్గర, 70 దగ్గర కూడా గీతలు సరిగ్గా కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.