మామిడి మాగేయడానికి ఎథిలీన్ గదా, పొట్లాలా: ఏది మేలు?

మే వచ్చిందంటే బంగినపల్లి రైతులు, చిన్న వ్యాపారులు అడిగే ప్రశ్న ఇదే. రెండింటిలోనూ పనిచేసే హార్మోను ఒక్కటే, ఎథిలీన్. కాయ తనంతట తాను వదిలేదీ అదే. గదిలోకి గ్యాసు సిలిండర్ నుంచి వచ్చిందా, పొట్లంలోని ఎథెఫాన్ (ఎథిలీన్ వదిలే రసాయనం) పొడి నుంచి వచ్చిందా అన్నది కాయకు పట్టదు. పట్టేది వేడి.

20–22 డిగ్రీల దగ్గర తొక్క, గుజ్జు కలిసి మాగుతాయి. 30కి చేరువైతే గుజ్జు మెత్తబడినా తొక్క మీద పచ్చ మచ్చలు ఉండిపోతాయి, వాసన ఘాటెక్కుతుంది. ఎండాకాలం రేకుల షెడ్డులో పొట్లాలు పెట్టి, పొడి నాసిరకమని తిట్టుకునేవాళ్లకు జరిగేది చాలాసార్లు ఇదే. అందుకే టన్నుల్లో సరుకుంటే నా ఓటు చల్లటి గదికే.

గదిలో ఎథిలీన్ 100 పీపీఎం దాటకూడదన్నది దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అంటే ఘనపు మీటరు ఖాళీకి 100 మిల్లీలీటర్లు. 30 ఘనపు మీటర్లకు 3 లీటర్లు చాలు. పెంచినంత మాత్రాన త్వరగా మాగదు. తేమ 90–95 శాతం, గ్యాసు 24 గంటలు. ఎక్కువమంది తప్పేది గాలి మార్చడంలో: కాయలు వదిలే కార్బన్ డయాక్సైడ్ ఒక శాతం దాటితే ఎథిలీన్ పని మందగిస్తుంది. నాలుగైదు గంటలకోసారి తలుపు తీసి గాలి మార్చి, మళ్లీ గ్యాసు వదలాలి. తర్వాత బయటపెడితే నాలుగైదు రోజుల్లో రంగు తిరుగుతుంది.

పొట్లాలు ఒకటి రెండు క్రేట్లకు బాగానే ఉంటాయి. తడిపిన పొట్లాన్ని చిల్లుల డబ్బాలో పెట్టి క్రేటులో ఉంచాలి, పొడి కాయకు తగలకూడదు. ఎథెఫాన్ ద్రావణంలో కాయలను ముంచడం అసలే కూడదు. గ్యాసు ఎంత వచ్చిందో, ఎప్పుడు ఆగిందో తెలియకపోవడం పొట్లాల లోపం. పొట్లమే గతి అయితే షెడ్డులో కాకుండా, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో పెట్టండి.

కార్బైడ్ నిషిద్ధం, దాన్నుంచి వచ్చేది ఎథిలీన్ కాదు, ఎసిటిలీన్. పైగా ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. వరిగడ్డి ఇంటివరకు చాలు, వారం ఓపిక పట్టాలి.

లేత కాయను గదైనా పొట్లమైనా మెత్తబరుస్తుందే కానీ, లేని తీపి తేలేదు. కోసిన కాయల్లో నాలుగింటిని బకెట్ నీళ్లలో వేసి చూడండి. మునిగితే మాగేయొచ్చు. తేలితే ఆ కోత పప్పులోకే.